బ్రేకు డిస్కు కథ: పుట్టిన వేడి ఎక్కడికి పోవాలి?

హైదరాబాదులో ఆబిడ్స్ కూడలి నుంచి నాంపల్లి రైలుస్టేషను నడిచి పోగలిగినంత దూరమే. అయినా ఈ కొద్ది దారిలో ఒక కారు ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు కదులుతుందో లెక్క పెట్టడం కష్టం. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఉద్యోగి ఇక్కడ ఒక దుకాణం నడిపాడు. ఆయన పేరే ఈ పేటకు స్థిరపడింది. ఆ దుకాణం ముందు గుర్రపుబండ్లు ఆగిన చోట ఈనాడు కార్లు, ఆటోలు, స్కూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఒరుసుకొని పోతున్నాయి.

ఈ రోడ్డున నిలిచి ఉన్న కార్ల చక్రాలను ఒకసారి పరిశీలించండి. కొన్నిటికి విశాలమైన అల్లాయ్ చక్రాలు ఉంటాయి. వాటి సందులలో నుంచి ఒక పెద్ద ఇనుప పళ్ళెం తళతళలాడుతూ కనిపిస్తుంది. దానిని ఒక పక్కన పట్టుకొని ఎర్రరంగో పసుపురంగో పూసిన దిమ్మ ఒకటి ఉంటుంది. ఆ పళ్ళెమే బ్రేకు డిస్కు. ఆ దిమ్మ క్యాలిపర్. కంపెనీ ఇచ్చిన చిన్న డిస్కులను తీయించి పెద్దవి వేయించుకొనే కారు యజమానులు సాధారణంగా రెండు కారణాలు చెప్తారు. చూపుకు బాగుంటుందన్నది ఒకటి, బండి త్వరగా ఆగుతుందన్నది రెండవది.

మొదటి కారణం అభిరుచికి సంబంధించినది. దానితో శాస్త్రానికి తగవు లేదు. రెండవదానిని మాత్రం పరీక్షించి చూడాలి. ఆ మాట నమ్మి ముందు బండికీ తన బండికీ మధ్య విడువవలసిన దూరాన్ని తగ్గించుకొనే వాని ప్రాణమే కాక, రోడ్డు దాటే పాదచారి ప్రాణం కూడ దానిమీద ఆధారపడి ఉన్నది. పరీక్షకు కావలసిన సాక్ష్యమంతా బ్రేకుల చరిత్రలోనే దొరుకుతుంది.

ఫిరంగి నేర్పిన పాఠం

ఆబిడ్స్‌కు ఆనుకొని ఉన్న పేట గన్‌ఫౌండ్రీ. 18వ శతాబ్ది చివర నిజాము సైన్యంలో సేనానిగా ఉండిన ఫ్రెంచివాడు రేమండ్ ఇక్కడ ఫిరంగులను పోతపోయించాడు. అందువల్లనే ఆ పేరు వచ్చింది. సరిగా ఆ రోజులలోనే జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మరొక ఫిరంగుల కార్ఖానాలో బెంజమిన్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింతను గమనించాడు. అమెరికాలో పుట్టి బవేరియా ప్రభువు కొలువులో చేరిన ఈయనను రమ్‌ఫర్డ్ ప్రభువు అని కూడ పిలుస్తారు.

పోతపోసిన ఇత్తడి దిమ్మకు గొట్టంలాగ రంధ్రం తొలుస్తుంటే లోహం విపరీతంగా వేడెక్కుతున్నది. ఈ వేడి ఎక్కడినుంచి వస్తున్నది? ఉష్ణం అనేది వస్తువులలో దాగి ఉండే ఒక ద్రవమనీ, తొలిచినప్పుడు అది బయటికి కారుతుందనీ ఆనాటి పండితుల నమ్మకం. రమ్‌ఫర్డ్ ఒక మొద్దుబారిన బరమాను తీసుకొని, ఫిరంగి దిమ్మను నీళ్ళ తొట్టిలో ఉంచి, గుర్రాలచేత తిప్పించాడు. రెండున్నర గంటలకు నిప్పన్నది లేకుండానే నీళ్ళు తెర్లినవి. చూస్తున్నవారు నివ్వెరపోయారు. తిప్పినంతసేపూ వేడి పుడుతూనే ఉన్నది, తరగడం లేదు. తరగనిది దాచి ఉంచిన ద్రవం కాజాలదు. గుర్రాల శ్రమే ఘర్షణ వల్ల ఉష్ణంగా మారుతున్నదని ఆయన తేల్చాడు. 1798లో లండను రాయల్ సొసైటీకి ఈ పరిశోధనను సమర్పించాడు. 1840 దశకంలో జేమ్స్ జౌల్ ఎంత పనికి ఎంత ఉష్ణమో కొలిచి చూపాడు.

బ్రేకు చేసే పని సరిగా ఇదే. బండిని ఆపడమంటే దాని చలనశక్తిని మాయం చేయడం కాదు. శక్తి నశించదు, రూపం మార్చుకొంటుంది, అంతే. 1200 కిలోల కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్నదనుకొందాం. దానిలో ఉన్న చలనశక్తి సుమారు 167 కిలోజౌళ్ళు. కారు ఆగేసరికి దాదాపు అంతా బ్రేకులలో వేడిగా తేలుతుంది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు కాచడానికి అది చాలు. వేగం రెట్టింపై 120 అయితే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, అనగా 667 కిలోజౌళ్ళు. ఆ వేడితో రెండు లీటర్ల పైచిలుకు చన్నీటిని మరిగించవచ్చు. ఈ వేడిని ఎక్కడ పుట్టించాలి, ఎక్కడ దాచాలి, ఎట్లా గాలిలోకి వదలాలి అన్న ప్రశ్నలకు ఒక్కొక్క తరం ఇచ్చిన జవాబే బ్రేకుల చరిత్ర.

వెనుక చక్రాలకే బ్రేకులు

చార్మినారుకు దగ్గరలోని చౌమహల్లా పాలెస్‌లో ఒక పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కారును చూడవచ్చు. 1912 నాటి ఈ కారును తయారు చేయించడానికి ఆజ్ఞాపించిన మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే మరణించడం చేత, అది ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. లోపల సింహాసనం వంటి ఆసనం, పైన వెండి బంగారు తాపడాలు ఉన్న ఆ కారుకు ముందు చక్రాలకు బ్రేకులు లేవు. ఆ కాలపు కార్లలో అది లోపంగా ఎవరికీ తోచలేదు. ముందు చక్రాలను పట్టి ఆపితే స్టీరింగు చేజారుతుందనీ, బండి తలక్రిందులవుతుందనీ భయపడేవారు.

వాస్తవానికి బ్రేకు ఎక్కువ అవసరమైనది ముందు చక్రాలకే. బస్సు హఠాత్తుగా ఆగితే నిలబడిన ప్రయాణీకుడు ముందుకు తూలడం మనకు అనుభవమే. అట్లాగే బండి బరువు కూడ ముందుకు వాలుతుంది. వెనుక చక్రాలు తేలికపడి నేలను గట్టిగా పట్టుకోలేవు. ముందు చక్రాలు మరింత గట్టిగా అదుముకొంటాయి. ఈ సూత్రం గ్రహించి 1919లో హిస్పానో-సూయిజా అనే కంపెనీ నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టి, బండి చలనం నుంచే సహాయబలం పుచ్చుకొనే సర్వో యంత్రాన్ని జతచేసింది. రోల్స్‌రాయిస్ వారు ఆ యంత్రానికి అనుమతి పొంది, 1924లో సిల్వర్ ఘోస్టుకు నాలుగు చక్రాల బ్రేకులు అమర్చారు. ఆ రోజులలో ఇంగ్లండులో ఇటువంటి కార్ల వెనుక ఒక ఎర్రని త్రికోణం గుర్తు తగిలించేవారు. ‘ఈ బండి మీ బండికంటె త్వరగా ఆగుతుంది, దూరంగా రండి’ అని దాని భావం. వెనుకవాని బ్రేకు ఎట్లా ఉన్నదో తెలియకుండా మనం త్వరగా ఆగడం కూడ ప్రమాదమేనని ఆ గుర్తు మనకు చెప్తున్నది.

డ్రమ్ము పాలించిన అర్ధశతాబ్ది

1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. చక్రంతోపాటు తిరిగే డోలు వంటి ఇనుప గిన్నెలో రెండు అర్ధచంద్రాకారపు బద్దలు ఉంటాయి. పెడల్ తొక్కగానే అవి విచ్చుకొని గిన్నె లోపలి అంచును ఒరుసుకొంటాయి. ఆ బద్దలకు అంటించే పూతనే మన మెకానిక్కులు లైనరు అంటారు. దీని చరిత్ర కూడ ఆసక్తికరమైనదే. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండలలో బండివాళ్ళు పల్లం దిగేటప్పుడు బ్రేకు దిమ్మలకు పాత బూట్ల తోలు కొట్టుకోవడం చూచి హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయనకు మంచి ఘర్షణ పదార్థం తయారు చేయాలన్న ఆలోచన వచ్చిందంటారు. 1897లో ఆయన ఫెరోడో కంపెనీని స్థాపించాడు. తరువాత ఆస్‌బెస్టాస్ కలిపిన లైనర్లు వచ్చాయి. అవి వేడికి బాగా ఓర్చుకొన్నవి. కాని ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని రుజువై, అనేక దేశాలు వాటిని మానివేశాయి.

అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ మరొక చిక్కు విప్పాడు. కమ్మీలతోను తీగలతోను నాలుగు చక్రాలనూ సమానంగా లాగడం అసాధ్యం. గొట్టాలలో ద్రవం నింపితే ఒత్తిడి అన్ని వైపులకూ ఒకే తీరున పాకుతుందన్న పాస్కల్ సూత్రాన్ని ఆయన వినియోగించాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వెలువడింది. మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది ఆ ద్రవాన్నే.

నిజాము రైల్వేశాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిననాటి నుంచి, తరువాత దశాబ్దాల పాటు, ఆబిడ్స్ రోడ్లమీద తిరిగిన బండ్లకు డ్రమ్ము బ్రేకే దిక్కు. మొదట వచ్చిన అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లకు కూడ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పట్నపు వేగాలకు అవి చాలేవి. కాని డ్రమ్ములో ఒక సహజమైన బలహీనత ఉన్నది. వేడి గిన్నె లోపల పుడుతుంది, గాలి తగిలేది బయట. పైగా లోహం వేడికి వ్యాకోచిస్తుంది కనుక గిన్నె పెద్దదై లైనరునుంచి దూరంగా జరుగుతుంది. అప్పుడు పెడల్ లోతుకు దిగుతుంది. వరుసగా తొక్కితే బ్రేకు పట్టు జారిపోతుంది.

పళ్ళెం గెలిచిన పందెం

డిస్కు బ్రేకు కొత్తది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందాడు. చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు వైపులనుంచి ప్యాడ్లు పటకారులాగ అదమడం దాని పద్ధతి. అయితే ఆయన రాగి ప్యాడ్లు వాడడంతో లోహానికి లోహం తగిలి భరించలేని కీచుమోత పుట్టేది. ఆ కాలపు దుమ్ము రోడ్లమీద అవి త్వరగా అరిగిపోయేవి కూడ. ఆలోచన యాభై ఏళ్ళు ముందు పుట్టింది. దానికి తగిన పదార్థాలు తరువాత వచ్చినవి.

విమానాల చక్రాలకు డిస్కు బ్రేకులు చేసిన డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ కార్ల కంపెనీతో కలిసి వాటిని పందెపు కారుకు అమర్చింది. ఫ్రాన్సులోని లమా పట్టణంలో ఏటా 24 గంటలపాటు కార్ల పందెం జరుగుతుంది. ఆనాటి ఆ దారిలో దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు ఉండేది. దాని కొసన ఇరుకైన మలుపు. గంటకు 200 కి.మీ. మించిన వేగంతో వచ్చిన కారు ప్రతి చుట్టులోను అక్కడ హఠాత్తుగా వేగం తగ్గించవలసిందే. 1953లో జాగ్వార్ కార్లు ఆ పందెంలో మొదటి, రెండవ, నాలుగవ స్థానాలు పొందాయి. గెలిచిన కారు సగటు వేగం గంటకు సుమారు 170 కి.మీ. డ్రమ్ముల బండ్లు చాలా ముందుగా బ్రేకు తొక్కవలసి రాగా, జాగ్వార్లు ఆలస్యంగా తొక్కినా సరిపోయేది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. డిస్కు గెలిచింది ఒక్కసారి ఆపడంలో కాదు, వందలసార్లు ఆపడంలో. పళ్ళెం రెండు ముఖాలకూ నేరుగా గాలి తగులుతుంది. వేడికి పళ్ళెం మందం పెరిగి ప్యాడ్ల వైపుకే వస్తుంది తప్ప దూరంగా పోదు. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. అనే కారు ముందు చక్రాలకు డిస్కులతో వచ్చిన తరువాత ఆ పద్ధతి సాధారణ కార్లకు కూడ వ్యాపించింది.

నాంపల్లి ప్లాట్‌ఫారం మీద

కారు డిస్కు చూచినవారు నాంపల్లి స్టేషనులో మరింత పెద్ద డిస్కు చూడవచ్చు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చిననాటి నుంచి ఎన్నో దశాబ్దాలు రైలు పెట్టెలను ఆపినది ఒకే పద్ధతి: చక్రపు అంచునే దిమ్మతో అదమడం. పట్టాలమీద దొర్లే అంచే బ్రేకు వేడిని కూడ భరించవలసి వచ్చేది. జర్మనీ పరిజ్ఞానంతో 2000లో మన దేశానికి వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టెలలో ఈ రెండు పనులను వేరు చేశారు. ప్రతి ఇరుసుకు రెండేసి డిస్కులు, పెట్టెకు ఎనిమిది. ఒక్కొక్క దాని వ్యాసం 640 మి.మీ. 2018లో పెరంబూరు కార్ఖానా పాత తరహా పెట్టెల తయారీని ఆపివేసింది. నాంపల్లి నుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎల్.హెచ్.బి. పెట్టెలతోనే నడుస్తున్నది.

ప్రయాణీకులతో కలిపి పెట్టె బరువు 50 టన్నులు, వేగం గంటకు 130 కి.మీ. అనుకొంటే, దానిని ఆపినప్పుడు పుట్టే వేడి నూరు లీటర్ల పైచిలుకు నీళ్ళు మరిగిస్తుంది. ఆ డిస్కులను అంత పెద్దవిగా చేయడానికి అందం కారణం కాదు. ఎవరికీ కనబడకుండా అవి పెట్టె కిందనే ఉంటాయి.

పెద్ద డిస్కు చేసే మేలు

ఇక మన కారుకు వద్దాం. పెద్ద డిస్కు రెండు పనులు చేస్తుంది. ఒకటి, ప్యాడ్లు ఇరుసుకు దూరంగా పట్టుకొంటాయి. తలుపును బందు దగ్గర కంటె అంచు దగ్గర తోయడం తేలిక అయినట్లే ఇదీను. ప్యాడ్లు పట్టే చోటు ఇరుసుకు 10 సెం.మీ. దూరం నుంచి 12 సెం.మీ.కు పోతే, అదే తొక్కుడుకు ఆపే బలం 20 శాతం పెరుగుతుంది. రెండవది, ఎక్కువ ఇనుము కనుక అదే వేడికి తక్కువగా కాగుతుంది. 120 కి.మీ. వేగంలో ఉన్న పై కారును ఒకసారి ఆపినప్పుడు వేడిలో 70 శాతం ముందు డిస్కులకు చేరుతుందనుకొందాం. ఒక్కొక్కటి 5 కిలోలయితే ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. 7 కిలోలయితే 72 డిగ్రీలే. 60 కి.మీ. వేగంలో మాత్రం ఈ తేడా 25కు, 18కి మధ్యనే. ఆబిడ్స్ రద్దీలో అంత వేగమైనా అరుదు.

హైదరాబాదు కార్లు తిరుమలకు కూడ పోతాయి. కొండమీదికీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేదారి. బ్రేకుమీదనే కాలుంచి దిగితే, 60 కి.మీ. వేగంలో దాదాపు 50 సార్లు ఆపినంత వేడి బ్రేకులలో పుడుతుంది. ఇటువంటి చోట పెద్ద డిస్కు ఉపకారమే. కాని అంతకంటె సులభమైన ఉపాయం తక్కువ గేరులో దిగడం. అప్పుడు భారంలో చాలా భాగం ఇంజను మోస్తుంది.

చేయలేని పని

కారును చివరకు ఆపేది డిస్కు కాదు, టైరు. డిస్కు చక్రాన్ని పట్టి ఆపగలదు. నేలను పట్టుకోవలసింది రబ్బరే. పొడి రోడ్డుమీద టైరు ఘర్షణ గుణకం 0.7 అనుకొంటే 60 కి.మీ. వేగంలోని కారు ఆగడానికి 20 మీటర్లు పడుతుంది. వానలో గుణకం 0.4కు పడిపోతే 35 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని గ్రహించి కాలు వేయడానికి ఒక సెకను పట్టినా, ఈలోపలే మరి 17 మీటర్లు గడిచిపోతాయి. ఈ లెక్కలో డిస్కు వ్యాసం ఎక్కడా లేదు. గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకొనేంత బలం మంచి స్థితిలో ఉన్న మామూలు బ్రేకులకే ఉన్నది. బిగుసుకోకుండా కాపాడే ఎ.బి.ఎస్. యంత్రాన్ని మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. అరిగిన టైర్లమీద పెద్ద డిస్కు పెట్టుకొన్న కారుకంటె, మంచి టైర్లమీద చిన్న డిస్కు ఉన్న కారు ముందుగా ఆగుతుంది.

మార్పుతో నష్టాలు కూడ కలుగవచ్చు. ముందు డిస్కులను మాత్రమే పెంచితే, ముందు వెనుకల మధ్య తయారీదారు కుదిర్చిన పాళ్ళు చెడతాయి. వెనుక బ్రేకులు తమ వంతు పని చేయకపోవడం వల్ల ఆగే దూరం పెరగనూవచ్చు. క్యాలిపర్ ముషలకాలు పెద్దవైతే వాటిని తోయడానికి ఎక్కువ ద్రవం కావాలి. పెడల్ లోతుకు దిగుతుంది. బరువు పెరిగిన చక్రం గుంతలలో ఎగిరి నేలను ఆలస్యంగా అందుకొంటుంది. డిస్కుకు పొడిచిన రంధ్రాలు నీటినీ వేడి వాయువులనూ పోనిచ్చే మాట నిజమే గాని, నాసిరకం పోతలో ఆ రంధ్రాల దగ్గరనే చీలికలు మొదలవుతాయి. చిన్న డిస్కుమీద అలంకారానికి తగిలించే ఉత్తుత్తి క్యాలిపర్ మూతలైతే గాలిని అడ్డగించి, ఏ మేలు కోసం పెద్ద డిస్కు పుట్టిందో దానికే విరోధమవుతాయి.

చట్టం సంగతి కూడ తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచింది. కనుక మార్పు తలపెట్టినవారు ముందుగా రవాణాశాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు.

బ్రేకుల మీద సొమ్ము ఖర్చు పెట్టదలచినవారు ఏ వరుసలో పెట్టాలో పై చరిత్రనుబట్టి తేలికగా చెప్పవచ్చు. మొదట టైర్లు. తరువాత బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు గాని మరగని డాట్ 4 రకం ద్రవం, తేమ పట్టిన తరువాత 155 డిగ్రీలకే మరగవచ్చునని ప్రమాణాలు చెప్తున్నాయి. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరుతాయి. ఆవిరి అణగిపోతుంది; పెడల్ నేలకు తగులుతుంది; బండి ఆగదు. ఆ తరువాత ప్యాడ్లు, లైనర్లు. ఇవన్నీ సరిగా ఉండి, పొడుగాటి ఘాట్ రోడ్లమీద బ్రేకులు ఇంకా వేడెక్కుతున్నవంటేనే పెద్ద డిస్కు మాట ఆలోచించాలి. ఆబిడ్స్ నుంచి నాంపల్లికి పోయి రావడానికి మాత్రం కంపెనీ ఇచ్చిన పళ్ళెమే పుష్కలంగా సరిపోతుంది.